మీకు తెలుసా? తెరిచి చూపిన ర్యామ్

కంప్యూటరు ర్యామ్‌లో దాచిన ప్రతి బిట్‌నూ సెకనుకు కనీసం పదిహేను సార్లు మళ్లీ నింపాల్సి ఉంటుందని మీకు తెలుసా?

ర్యామ్ చిప్‌లో ఒక బిట్ అంటే ఒక ట్రాన్సిస్టర్, దానికి ఆనుకుని ఒక బుల్లి కెపాసిటర్. అంతే. ఐబీఎం ఇంజనీరు రాబర్ట్ డెనార్డ్‌కు 1966లో తట్టిన ఆలోచన ఇది. 1968 జూన్‌లో పేటెంటు వచ్చింది. చిక్కల్లా ఆ కెపాసిటర్‌తోనే, అదొక చిల్లు కుండ. నింపిన ఛార్జి కారిపోతూనే ఉంటుంది. అందుకని 64 మిల్లీసెకన్లు గడిచేలోగా చిప్‌లోని ప్రతి వరుసనూ చదివి మళ్లీ నింపాలి, దీన్నే రిఫ్రెష్ అంటారు. డీడీఆర్4 తరం ర్యామ్‌కైతే ఆ కాస్త సమయంలోనే 8,192 రిఫ్రెష్ ఆదేశాలు అందుతాయి. అంటే సగటున 7.8 మైక్రోసెకన్లకు ఒకటి. 8 జీబీ ర్యామ్ కార్డులో ఇలాంటి కెపాసిటర్లు దాదాపు 6,872 కోట్లు.

ఇన్ని కోట్లలో ప్రతి ఒక్కటీ సరిగ్గా పనిచేస్తోందని మనకు చెప్పేది ఎవరు? తయారు చేసిన కంపెనీయే. మనం నమ్మి కొంటాం. అలా కాకుండా కార్డు పటాన్నీ, దాన్ని నడిపే సర్క్యూట్‌నూ, పరీక్షించే ప్రోగ్రామునూ అందరి ముందూ పెట్టేవాళ్లు ఉన్నారు. ఈసారి వాళ్ల పని గురించే.

కార్డు రూపానికీ ఒక యజమాని

1980ల మొదట్లో కంప్యూటరుకు మెమరీ పెంచాలంటే చిప్‌లను ఒక్కొక్కటిగా మదర్‌బోర్డు సాకెట్లలో గుచ్చాలి. అమెరికాలోని వాంగ్ ల్యాబొరేటరీస్ 1983లో తొమ్మిది చిప్‌లను ఒక చిన్న బోర్డు మీద కూర్చి, మొత్తాన్ని ఒకేసారి దించేలా చేసింది. ఎనిమిది చిప్‌లు డేటాకు, తొమ్మిదోది తప్పును పసిగట్టే పారిటీ బిట్‌కు. ఈ రోజు మన ల్యాప్‌టాప్‌లో ఉన్న ర్యామ్ కార్డుకు పూర్వీకురాలు అదే.

తర్వాత జరిగింది చాలామందికి తెలియదు. ఎలక్ట్రానిక్స్ ప్రమాణాలు నిర్ణయించే జెడెక్ సంఘం ముందు వాంగ్ ఈ రూపాన్ని పెట్టింది, పరిశ్రమ అంతా వాడేలా ప్రోత్సహించింది. అందరూ వాడడం మొదలయ్యాక పేటెంట్లు చేతపట్టుకుని కోర్టుకెక్కింది. 1993లో తోషిబా, ఎన్‌ఈసీ ఓడిపోయాయి. 1997లో మాత్రం మిత్సుబిషి నెగ్గింది. చిప్‌లు చేయమని అడిగిందీ, డ్రాయింగులు ఇచ్చిందీ, తయారైన కార్డులు కొన్నదీ వాంగే కాబట్టి, అనుమతి అప్పుడే ఇచ్చినట్టు లెక్క అని అమెరికా ఫెడరల్ అప్పీలు కోర్టు తేల్చింది. 'అందరిదీ' అని నోటితో అంటే సరిపోదు, లైసెన్సులో రాసి ఉండాలి. ఓపెన్ హార్డ్‌వేరు మనుషులు లైసెన్సు గురించి అంత పట్టుదలగా ఉంటారంటే కారణం ఇలాంటి కథలే. సెర్న్ ప్రయోగశాల 2011లో హార్డ్‌వేరు పటాల కోసమే ప్రత్యేకంగా ఒక ఓపెన్ లైసెన్సు రాసి విడుదల చేసింది.

ఫోన్ ర్యామ్‌ను కార్డు ఎక్కించారు

ఫోన్లలో, పలుచటి ల్యాప్‌టాప్‌లలో వాడే ఎల్పీడీడీఆర్4 రకం ర్యామ్ మామూలుగా కార్డు రూపంలో దొరకదు. చిప్‌ను నేరుగా బోర్డుకు సోల్డర్ చేసేస్తారు. కంపెనీకి అది లాభమే, పరిశోధకుడికి మాత్రం తలనొప్పి. ఒక చిప్‌ను పరీక్షించాక ఇంకోటి పెట్టాలంటే బోర్డే మార్చాలి.

పోలండ్‌లోని పోజ్నాన్ నగరానికి చెందిన ఆంట్‌మైక్రో సంస్థ దీనికి దారి వెతికింది. గూగుల్‌తో కలిసి చేసిన ర్యామ్ పరీక్షల ప్రాజెక్టులో భాగంగా ఎల్పీడీడీఆర్4 చిప్‌ను ల్యాప్‌టాప్ ర్యామ్ ఆకారంలో ఉండే చిన్న కార్డు మీద ఎక్కించింది. ఆ కార్డును దించడానికి ఒక పరీక్షా బోర్డు. బోర్డు మధ్యలో కింటెక్స్-7 రకం ఎఫ్‌పీజీఏ. ఎఫ్‌పీజీఏ అంటే తయారై మన చేతికొచ్చాక కూడా లోపలి సర్క్యూట్‌ను మనకు కావలసినట్టు మళ్లీ మళ్లీ మార్చుకోగల చిప్. ఇప్పుడు ర్యామ్ మార్చాలంటే కార్డు తీసి కార్డు పెట్టడమే. మొదటి కార్డు మీద పెట్టింది మైక్రాన్ వారి 4 గిగాబిట్ల చిప్. అయితే కార్డు ఆకారం సాకెట్‌కు సరిపోయినంత మాత్రాన దాన్ని ల్యాప్‌టాప్‌లో పెట్టేయకూడదు. ఎల్పీడీడీఆర్4 ఆదేశాలు అందుకునే తీరే డీడీఆర్4 కంటే వేరు, పిన్నుల అర్థాలు మారిపోతాయి.

అసలు పని బోర్డుతో ఆగదు. మన కంప్యూటర్లలో ర్యామ్‌తో మాట్లాడే మెమరీ కంట్రోలర్ ప్రాసెసర్ లోపల దాగి ఉంటుంది. దానికి ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో ప్రాసెసర్ కంపెనీ ఇష్టం. ఇక్కడ దాని స్థానంలో లైట్‌డ్రామ్ అనే కంట్రోలర్ ఉంది. ఫ్రాన్స్‌లో మొదలైన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు అది. ప్రతి పంక్తీ చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు. 'ఈ వరుసను లక్ష సార్లు తెరువు, మధ్యలో రిఫ్రెష్ మాత్రం పంపకు' అని ఆదేశిస్తే అది పంపదు. మామూలు కంప్యూటర్లో ఏ ప్రోగ్రాముకూ ఇలా అడిగే వీలు లేదు. దీని విలువ ఎంతో కాసేపట్లో చూద్దాం.

ఒక మాట దాచకుండా చెప్పాలి. కార్డు పటం ఓపెన్, కంట్రోలర్ ఓపెన్, పరీక్షలు ఓపెన్. ర్యామ్ చిప్ లోపలి పటం మాత్రం ఇప్పటికీ కంపెనీల రహస్యమే. ప్రపంచంలోని ర్యామ్ చిప్‌లలో అత్యధిక భాగం శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ అనే మూడు కంపెనీలవే. లోపలికి తొంగి చూడలేనప్పుడు బయటి నుంచి కొలిచే సాధనమైనా మన చేతిలో ఉండాలి కదా.

రాగి గీతలో ఒక బిట్ పొడవెంత?

సుమారు 4.7 సెంటీమీటర్లు! లెక్క చూడండి. డీడీఆర్4-3200 రకంలో ఒక్కో డేటా గీత మీద సెకనుకు 320 కోట్ల బిట్లు పరుగెడతాయి. ఒక్క బిట్‌కు దక్కే సమయం 312.5 పికోసెకన్లు. సర్క్యూట్ బోర్డు లోపల విద్యుత్ సంకేతం నానోసెకనుకు దాదాపు 15 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది. రెండూ గుణిస్తే సరి. డెస్క్‌టాప్ ర్యామ్ కార్డు పొడవు 133.35 మిల్లీమీటర్లు. అంటే ఆ చివర నుంచి ఈ చివరకు గీత గీస్తే దాని మీద ఒకేసారి దాదాపు మూడు బిట్లు ఉంటాయన్నమాట.

ఇందువల్లే కార్డు గీసేవాడికి కష్టం. ఒకే బైట్‌కు చెందిన ఎనిమిది గీతల్లో ఒకటి మిల్లీమీటరు పొడుగైతే ఆ బిట్ తనకున్న సమయంలో రెండు శాతం ఆలస్యంగా చేరుతుంది. కొన్ని మిల్లీమీటర్ల తేడా వస్తే చదవడంలో పొరపాట్లు మొదలవుతాయి. ర్యామ్ కార్డును వెలుతురులో తిప్పి చూస్తే కొన్ని గీతలు అక్కర్లేకుండా మెలికలు తిరిగి కనిపిస్తాయి. అక్కర్లేక కాదు, దగ్గరి దారి దొరికిన గీతను దూరపు గీతతో సమానం చేయడానికే ఆ మెలికలు.

ఇంకో విశేషం. డీడీఆర్3 కాలం నుంచి క్లాక్ (చిప్‌లకు తాళం వేసే సంకేతం), ఆదేశాల గీతలను కొమ్మలుగా చీల్చడం మానేసి, ఒక చిప్ పక్క నుంచి ఇంకో చిప్ పక్కకు వరసగా లాగుతున్నారు. కొమ్మ చీలిన ప్రతిచోటా సంకేతం కొంత వెనక్కి తగిలి వచ్చి గందరగోళం చేస్తుంది మరి. కానీ వరసగా లాగితే మొదటి చిప్‌కు క్లాక్ ముందు, చివరి చిప్‌కు ఆలస్యంగా అందుతుంది. అందుకని కంప్యూటరు ఆన్ చేసినప్పుడు కంట్రోలర్ ఒక్కో చిప్‌నూ 'నీకు క్లాక్ చేరిందా?' అని అడిగి, 0 లేదా 1 జవాబు తీసుకుని, దాన్నిబట్టి డేటా పంపే సమయాన్ని జరుపుకుంటుంది.

240 ఓమ్‌ల రెసిస్టర్

డీడీఆర్3 నుంచి ప్రతి డీడీఆర్ ర్యామ్ చిప్‌కూ పక్కన సరిగ్గా 240 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి ఉండాలి. వేడి ఎక్కినప్పుడు, వోల్టేజీ కదిలినప్పుడు చిప్ తన లోపలి నిరోధాన్ని దీనితో పోల్చి సరిదిద్దుకుంటుంది. కొత్తగా కార్డు గీసేవారు ఈ చిన్న భాగాన్ని మరచిపోతే మిగతా పటమంతా ఎంత అందంగా ఉన్నా ఫలితం లేదు.

తయారుకాకముందే పరీక్ష

గీసిన పటాన్ని ఫ్యాక్టరీకి పంపి, బోర్డు వచ్చాక తప్పు దొరికితే డబ్బూ పోతుంది, వారాలూ పోతాయి. అందుకే ముందే కంప్యూటర్లో సిమ్యులేషన్ చేసి చూస్తారు. చాలాకాలం ఇది లక్షల రూపాయల సాఫ్ట్‌వేర్లు ఉన్నవారికే సాధ్యమైంది. ఇప్పుడు ఓపెన్‌ఈఎంఎస్ అనే ఉచిత ప్రోగ్రాము ఉంది. రాగినీ, దాని చుట్టూ ఉన్న స్థలాన్నీ చిన్న చిన్న గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిలో విద్యుదయస్కాంత తరంగాల నడకను చెప్పే మాక్స్‌వెల్ సమీకరణాలు క్షణం క్షణం సాధిస్తుంది. ఫ్యాక్టరీకి పంపే ఫైళ్లనే నేరుగా ఆ ప్రోగ్రాముకు అందించే గెర్బర్2ఈఎంఎస్ అనే పనిముట్టును ఆంట్‌మైక్రో తయారుచేసి బయటపెట్టింది. బోర్డులు గీసే కీక్యాడ్ కూడా ఉచితమే. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో జాన్-పియర్ షారాస్ 1992లో మొదలుపెట్టిన ప్రోగ్రాము అది. ఇవన్నీ ఉండబట్టి, ఓపెన్ కార్డు పటాన్ని చూసినవారు దాన్ని తమ ఇంట్లోనే తెరిచి, ఒక గీత మార్చి, ఏమవుతుందో లెక్క వేసుకోగలరు.

32 మెట్లు, ఒక కిటికీ

బోర్డు వచ్చింది, చిప్ ఎక్కించారు, కరెంటు ఇచ్చారు. పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది? నాకు అన్నిటికన్నా ఇష్టమైన దశ ఇదే.

లైట్‌డ్రామ్‌తో బోర్డు లేవగానే తెర మీద సున్నాలు, ఒకట్ల వరసలు వస్తాయి. కింటెక్స్-7లో డేటాను చదివే క్షణాన్ని 32 మెట్లలో ముందుకూ వెనక్కూ జరపవచ్చు. ప్రతి మెట్టు దగ్గరా ముందే తెలిసిన విలువలు రాసి, చదివి చూస్తారు. సరిగ్గా వస్తే 1, తప్పితే 0. మొదట కొన్ని సున్నాలు, మధ్యలో ఒకట్ల గుంపు, మళ్లీ సున్నాలు. ఆ ఒకట్ల గుంపే కిటికీ. దాని నడిమి మెట్టును ఎంచుకుంటే రెండు వైపులా సమానంగా వెసులుబాటు దొరుకుతుంది. ఒక్కో బైట్‌కూ విడిగా ఒక వరస వస్తుంది కాబట్టి, మూడు బైట్లకు వెడల్పాటి కిటికీ వచ్చి నాలుగోదానికి ఇరుకుగా వస్తే ఆ బైట్ గీతల దగ్గరో సోల్డరింగ్ దగ్గరో లోపం ఉన్నట్టే. పటం ఓపెన్ కనుక నేరుగా వెళ్లి ఆ గీతలను చూడొచ్చు. బజారులో కొన్న మదర్‌బోర్డూ ఇదే కొలత వేస్తుంది, కానీ సాధారణంగా మనకు చూపదు. కారు డ్యాష్‌బోర్డు మీద ఇంజను వేడి చూపినట్టు ఇది కూడా వాడేవారికి చూపాల్సిన సమాచారమని నేను గట్టిగా నమ్ముతాను.

మూడో బైట్

ర్యామ్ కార్డు మీద పెద్ద చిప్‌ల నడుమ ఒక చిన్న చిప్ ఉంటుంది. అది కార్డు గుర్తింపు పత్రం. డీడీఆర్4 కార్డులో 512 బైట్లు, డీడీఆర్5లో 1,024 బైట్లు. మూడో బైట్‌లో రకం రాసి ఉంటుంది. డీడీఆర్3 అయితే 11, డీడీఆర్4 అయితే 12, డీడీఆర్5 అయితే 18. ఎంత సామర్థ్యం, ఎంత వేగం, ఏ ఆదేశానికి ఎంత విరామం అన్నీ అందులోనే. లెక్క సరిచూసే సంఖ్య కూడా ఉంటుంది. కార్డును సొంతంగా తయారుచేసేవారు ఈ బైట్లన్నీ తామే నింపాలి. లినక్స్ వాడేవారైతే డీకోడ్-డిమ్స్ అనే ఆదేశంతో తమ కార్డు పత్రాన్ని ఇప్పుడే చదువుకోవచ్చు.

585 ఏళ్ల పరీక్ష, 43 సెకన్ల పరీక్ష

ర్యామ్‌లో ఒక బిట్‌ను మారిస్తే ఇంకో బిట్ పాడవడం ఒక రకం లోపం. 4 గిగాబిట్ల చిప్‌లో ప్రతి బిట్‌కూ మిగతా ప్రతి బిట్‌తోనూ జత కలిపి పరీక్షించాలనుకుందాం. ఒక్కో పరీక్షకు ఒక నానోసెకను చాలనుకున్నా, మొత్తం పూర్తవడానికి దాదాపు 585 ఏళ్లు!

మార్చ్ సీ మైనస్ అనే పద్ధతి దీన్ని తెలివిగా దాటేసింది. మొదట అన్ని చోట్లా 0 రాయాలి. తర్వాత మొదటి నుంచి చివరికి నడుస్తూ, ప్రతి చోటా 0 ఉందా అని చదివి 1 రాయాలి. మళ్లీ అదే దిశలో 1 చదివి 0 రాయాలి. ఆ రెండు నడకలనూ చివరి నుంచి వెనక్కి కూడా చేసి, ఆఖరున అంతా 0 ఉందో లేదో చూడాలి. బిట్‌కు పది పనులు, అంతే. అదే వేగంతో 43 సెకన్లలో అయిపోతుంది. ముందుకూ వెనక్కూ నడవడంలోనే అసలు కిటుకు ఉంది. ఒక బిట్ తన ముందున్నదాన్ని చెడగొట్టినా, వెనకున్నదాన్ని చెడగొట్టినా ఏదో ఒక నడకలో పట్టుబడుతుంది.

ఇంట్లో కంప్యూటరు ఊరికే ఆగిపోతుంటే మెమ్‌టెస్ట్86+ అనే ఉచిత ఓపెన్ సోర్స్ ప్రోగ్రాముతో ర్యామ్‌ను పరీక్షించుకోవచ్చు. దాని మూలం క్రిస్ బ్రేడీ 1994లో రాసిన మెమ్‌టెస్ట్86.

చిప్ పెట్టెలోనే యురేనియం

1970ల చివర్లో ఇంటెల్ ఇంజనీర్లు తిమోతీ మే, ముర్రే వుడ్స్ ఒక వింత కనిపెట్టారు. ఏ లోపమూ లేని చిప్‌లో అప్పుడప్పుడు బిట్లు తిరగబడుతున్నాయి. కారణం చిప్‌ను ఉంచిన సిరామిక్ పెట్టె! అందులో అతి కొద్దిగా ఉన్న యురేనియం, థోరియం వెదజల్లే ఆల్ఫా కణాలు కెపాసిటర్ల ఛార్జిని చెదరగొట్టాయి. సర్వర్ల డీడీఆర్4 ర్యామ్‌లో 64 బిట్లకు తోడుగా ఇంకో 8 బిట్లు పెట్టి తప్పులు దిద్దే ఏర్పాటు ఇలాంటి వాటి కోసమే. గూగుల్ సర్వర్ల మీద 2009లో వెలువడిన అధ్యయనం ప్రకారం ఏడాదిలో దాదాపు 8 శాతం ర్యామ్ కార్డులు కనీసం ఒక తప్పయినా చేశాయి.

తలుపు కొడితే పక్కింట్లో గోడ పగిలింది

ఇక కాసేపట్లో చూద్దామన్న సంగతికి వద్దాం. 2014లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం, ఇంటెల్ పరిశోధకులు 129 డీడీఆర్3 కార్డులను ఎఫ్‌పీజీఏ బోర్డుల మీద పరీక్షించారు. ఒకే వరుసను పదే పదే తెరిచి మూస్తే, ముట్టుకోని పక్క వరుసలో బిట్లు తిరగబడ్డాయి. 129లో 110 కార్డులు ఇలా తప్పు చేశాయి. కొన్నింటికి 1,39,000 సార్లు తెరిస్తే చాలు, అది 64 మిల్లీసెకన్లలోపే అయిపోయే పని. 2012, 2013ల్లో తయారైనవాటిలో వారు పరీక్షించిన ప్రతి కార్డూ దొరికిపోయింది. దీన్నే రోహ్యామర్ అంటారు.

మరుసటి ఏడాదే గూగుల్ ప్రాజెక్ట్ జీరో బృందం ఈ లోపంతో కంప్యూటరును పూర్తిగా గుప్పిట్లోకి తెచ్చుకోవచ్చని చేసి చూపింది. డీడీఆర్4 వచ్చేసరికి, లోపల రక్షణ పెట్టామని కంపెనీలు ధీమాగా చెప్పాయి. ఎక్కువసార్లు తెరిచిన వరుసను చిప్ తానే గమనించి దాని పొరుగు వరుసలను ముందుగా రిఫ్రెష్ చేస్తుంది. ఎలా గమనిస్తుందో మాత్రం చెప్పలేదు. 2020లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని వ్రీయే విశ్వవిద్యాలయం, ఈటీహెచ్ జూరిక్, క్వాల్‌కామ్ పరిశోధకులు ఒకేసారి చాలా వరుసలను కొట్టి చూశారు. గమనించే చోటు నిండిపోయి రక్షణ చేతులెత్తేసింది. 42 కార్డుల్లో 13 లొంగిపోయాయి. 2021లో బ్లాక్‌స్మిత్ అనే పద్ధతి ముందు పరీక్షించిన 40 డీడీఆర్4 కార్డులూ తలవంచాయి. అదే ఏడాది గూగుల్ పరిశోధకులు, పక్క వరుసే కాదు, దాని అవతలి వరుసలోనూ బిట్లు తిరగబడతాయని తేల్చారు.

ఏళ్ల తరబడి పరిష్కారమైపోయిందని వింటూ వచ్చిన సమస్య ఇది! రక్షణ రహస్యంగా ఉన్నప్పుడు అది బలహీనమో కాదో కొన్నవారికి తెలిసే దారే లేదు. 2021 నవంబరులో గూగుల్, ఆంట్‌మైక్రో కలిసి రోహ్యామర్ పరీక్షా వేదికను అందరికీ తెరిచాయంటే కారణం ఇదే. సర్వర్ల డీడీఆర్4 కార్డులకు ఒక బోర్డు, పైన చెప్పిన ఎల్పీడీడీఆర్4కు ఒకటి, తర్వాత డీడీఆర్5కు కూడా. రిఫ్రెష్‌ను ఆపగలిగితేనే చిప్ సహజ బలం ఎంతో, దాని రక్షణ వల్ల కలిసొచ్చింది ఎంతో విడివిడిగా తెలుస్తుంది. ఆ అవకాశం ఇచ్చింది ఓపెన్ కంట్రోలరే.

గూగుల్ ఆ డీడీఆర్5 బోర్డులను పరిశోధకుల చేతికి అందించింది. 2025 సెప్టెంబరులో ఈటీహెచ్ జూరిక్ బృందం గూగుల్‌తో కలిసి ఫీనిక్స్ అనే దాడిని వెల్లడించింది. 2021 చివరి నుంచి 2024 చివరి దాకా తయారైన 15 ఎస్‌కే హైనిక్స్ డీడీఆర్5 కార్డులను పరీక్షిస్తే పదిహేనూ లొంగాయి. రక్షణ యంత్రాంగం కొన్ని రిఫ్రెష్ విరామాల్లో చూపు పక్కకు తిప్పుతోందని కనిపెట్టి, సరిగ్గా ఆ విరామాల్లోనే కొట్టారు. అత్యంత వేగంగా కుదిరిన సందర్భంలో 109 సెకన్లలో కంప్యూటరు మీద పూర్తి అధికారం దక్కింది. రిఫ్రెష్‌ను మూడింతలు చేస్తే దాడి ఆగుతుంది, కానీ వేగం దాదాపు 8.4 శాతం తగ్గుతుంది.

జెడెక్ 2024 ఏప్రిల్‌లో సవరించిన డీడీఆర్5 ప్రమాణంలో కొత్త ఏర్పాటు చేర్చింది. ప్రతి వరుసా తనను ఎన్నిసార్లు తెరిచారో తన దగ్గరే లెక్క పెట్టుకుంటుంది, హద్దు దాటితే కంట్రోలర్‌ను ఆగమంటుంది. ఈ రక్షణ ఎలా పనిచేయాలో ఈసారి ప్రమాణంలోనే రాసి ఉంది. చిప్ నిజంగా అలాగే లెక్కపెడుతోందో లేదో ఏ కంపెనీ అనుమతీ అడగకుండా కొలిచే బోర్డు పటం కూడా అందరికీ అందుబాటులో ఉంది.